రాజారావు గ్యారేజీకి వచ్చిన ఇంజన్ లేని బండి

మా ఆయన పొట్ట కొట్టే మాటకు నేను ఆమెన్ అన్నాను. అదీ నిండు సంఘంలో, రెండు చేతులూ పైకెత్తి, అందరికంటే గట్టిగా.

మార్చి మొదటి ఆదివారం మా తెలుగు చర్చిలో సాక్ష్యాల రోజు. ఉద్యోగం వచ్చినవాళ్ళు, వీసా వచ్చినవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు ఒక్కొక్కరే మైకు దగ్గరికి వచ్చి దేవుడు చేసిన మేలు చెబుతారు. చెప్పడం అయ్యాక సంఘమంతా ఆమెన్ అంటుంది. మా ఆయన రాజారావు డోలక్ మీద ఒక దెబ్బ వేస్తాడు. ఆ రోజు జూడ్ లేచాడు. తణుకు పిల్లాడు, ముప్పై ఐదేళ్ళుంటాయి, ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"నేను ఎలక్ట్రిక్ కార్ తీసుకుని ఈ నెలకి టూ ఇయర్స్ అయింది. పాత కార్ ఉన్నప్పుడు ఎవ్రీ మంత్ ఏదో ఒకటి. ఆయిల్ చేంజ్ అని, బ్రేక్స్ అని, బెల్ట్ అని. ఈ టూ ఇయర్స్‌లో రిపేర్ కోసం ఒక్క గ్యారేజ్ గుమ్మం కూడా తొక్కనివ్వలేదు ప్రభువు. ఆయనకే స్తోత్రం."

ఆమెన్ అన్నాం. మా ఆయన దెబ్బ కూడా వేశాడు. వేశాక ఆ చెయ్యి డోలక్ మీద అలాగే ఉండిపోయింది. జూడ్ పాత కారుకు నెలనెలా ఆయిల్ మార్చిందీ, బ్రేకులు వేసిందీ, బెల్టు బిగించిందీ ఆయనే.

పిల్లాడి మనసులో ఏమీ లేదు. ఆ ముక్క నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. భోజనాల దగ్గర జూడ్ వచ్చి ఎప్పటిలాగే "వందనాలు అంకుల్" అని చెయ్యి కలిపాడు కూడా. ఈయన నవ్వి, "బండి బాగుందా బాబూ" అని అడిగాడు. నేను మాత్రం ఆ పూట చికెన్ కూర పళ్ళెంలోనే వదిలేశాను. మూలిగే నక్క మీద తాటిపండు పడడమంటే ఏమిటో ఆ రోజు బాగా అర్థమైంది. ఎందుకంటే అంతకు మూడు రోజుల ముందే మా గ్యారేజీ ఉన్న షాపు ఓనరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. లీజు అయిపోతోంది, ఇంకో ఐదేళ్ళు ఉంటారా, ఖాళీ చేస్తారా, నెలాఖరులోగా చెప్పండి అని.

మాది మోరిస్‌విల్‌లో రెండు లిఫ్టుల గ్యారేజీ. అటు పక్క బిర్యానీ హోటలు, ఇటు పక్క పిల్లల ట్యూషన్ సెంటరు. మా అక్క నర్సుగా ఈ దేశానికి వచ్చి మమ్మల్ని పిలిపించింది. భీమవరంలో లారీల షెడ్డులో పని నేర్చుకున్న ఈయన, ఇక్కడికొచ్చి నాలుగేళ్ళు ఎవరి దగ్గరో చేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళయింది. ఈయన బండ్ల కింద, నేను కౌంటర్లో. మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్లలు ముందు చలికోటు కొనుక్కుంటారు, తర్వాత పాత కారు కొనుక్కుంటారు, ఆ తర్వాత మా గ్యారేజీ పేరు తెలుసుకుంటారు అని నేను వేళాకోళం చేసేదాన్ని. శనివారం వస్తే కార్లు బిర్యానీ హోటలు ముందు దాకా నిలబడేవి. హోటలు వాళ్ళు గొడవకు వచ్చేవాళ్ళు.

ఇప్పుడు వాళ్ళకు ఆ గొడవ లేదు. మా గోడ పగలగొట్టి డైనింగ్ హాలు పెంచుకుందామని చూస్తున్నారు. మా సంఘంలో నలభై కుటుంబాలుంటే పద్దెనిమిది ఇళ్ళలో కారు పెట్టుకునే చోట గోడకు ఛార్జరు వేలాడుతోంది. గృహ ప్రార్థనలకు వెళ్ళినప్పుడు చెప్పులు విడిచేది అక్కడే కాబట్టి నా లెక్క తప్పదు. ఆ బండ్లకు ఆయిలు లేదు, బెల్టు లేదు, ప్లగ్గులు లేవు, సైలెన్సరు లేదు. బ్రేకులు కూడా అరగవట. ఏదన్నా వస్తే కంపెనీ వాళ్ళ సర్వీస్ సెంటరుకే పోతాయి.

"ఐదేళ్ళకి సంతకం పెట్టి ఏం చేద్దాం పర్సీ? ఇద్దరం కూర్చుని గోళ్ళు గిల్లుకుందామా?" అన్నాడు ఆ ఉత్తరం వచ్చిన రోజు. నా పేరు పర్సిస్. ఆయనకు పర్సీ. "అబిగేల్ రమ్మంటోంది కదా. హెర్న్‌డన్ పోదాం. అక్కడ ఏదో టైర్ల షాపులో చేరతాను."

అబిగేల్ మా అమ్మాయి, హెర్న్‌డన్‌లోనే ఉంటుంది. మంచి మనసుతోనే రమ్మంటోంది. కానీ యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పేవాడు, టైర్ల షాపులో పాతికేళ్ళ మేనేజరు చెప్పినట్టు నట్లు బిగిస్తూ నిలబడడం నేను ఊహించుకోలేకపోయాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఉల్లిపాయలు కూడా తరగడం లేదు అప్పుడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్న కరెంటు లైన్‌మన్. నరసాపురం చుట్టుపక్కల ముప్పై ఆరేళ్ళు స్తంభాలెక్కి, పది వేళ్ళతో రిటైరయ్యాడు. లైను చచ్చిందని ఎవరు చెప్పినా నమ్మొద్దు, నీ మీటరుతో నువ్వు చూసుకో అనేవాడు. ఆయన కూతుర్ని కాబట్టి నాకు కరెంటంటే కొత్త లేదు. పోయిన ఏడు ఆగస్టులో ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఎలక్ట్రిక్ బండ్ల రిపేరు కోర్సు పెడితే చేరాను. సోమ, బుధవారాల్లో సాయంత్రం క్లాసులు. క్లాసులో ఇరవై మంది, నేను తప్ప అందరికీ గడ్డాలు. యాభై మూడేళ్ళ వయసులో పరీక్ష రాసి పాసయ్యాను. రబ్బరు గ్లవుజులు కొన్నాను, మీటరు కొన్నాను, బండి కంప్యూటరును చదివే యంత్రం కొన్నాను.

మా ఆయన సర్టిఫికెట్ చూసి, "బాగుంది, ఫ్రేమ్ కట్టిద్దాం" అన్నాడు. అంతే. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఎలక్ట్రిక్ బండి ఒక్కటి కూడా లోపలికి రానివ్వలేదు. "అది బండి కాదు పర్సీ, ఫ్రిజ్జు. నేను ఫ్రిజ్జులు బాగుచేసేవాణ్ణి కాదు" అనేవాడు. పొగరు అనుకున్నాను నేను. ఇరవై రెండేళ్ళు ఒక మనిషికి టీ ఇచ్చి కూడా పొగరుకూ భయానికీ తేడా కనిపెట్టలేకపోయాను.

మూడో శనివారం పొద్దున పదిన్నరకు జూడ్ వచ్చాడు. గుమ్మం తొక్కనివ్వని ప్రభువు ఆ రోజు తొక్కించాడు. కారు లోపలికి తేకుండా బయటే పెట్టి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. వెనకే వాళ్ళమ్మ దేవకుమారి గారు. డెబ్బై ఏళ్ళ మనిషి, తెల్లచీర, భుజానికి నల్ల సంచి, అందులో బైబిలు. కొడుకు దగ్గర ఉండడానికి ఏడాది కిందట తణుకు నుంచి వచ్చింది.

"అంకుల్, రిపేర్ కోసం కాదు," అన్నాడు జూడ్. మా ఆయన మొహంలోకి చూడలేకపోతున్నాడు. "చిన్న డౌట్. మీ దగ్గర ఓల్డ్ బ్యాటరీలు కొనే అతను వస్తాడు కదా. అతని నంబర్ కావాలి."

"ఎందుకు బాబూ?"

విషయం ఏమిటంటే, వారం రోజులుగా కారు సరిగ్గా ఛార్జ్ కావడం లేదు. రాత్రంతా పెట్టినా పదిహేను శాతం ఎక్కి ఆగిపోతోంది. కంపెనీ సర్వీస్ సెంటరుకు తీసుకెళితే, ఛార్జింగ్ పోర్టులో గుర్తు తెలియని ద్రవం ఉంది అన్నారు. అది లోపలికి దిగి బ్యాటరీ దాకా పోయి ఉండొచ్చు, కాబట్టి పోర్టూ మార్చాలి, బ్యాటరీ కూడా మార్చాలి, బయటి ద్రవం వల్ల వచ్చిన నష్టానికి వారంటీ లేదు అన్నారు. వాళ్ళు చెప్పిన ఖర్చు కారు ధరలో సగం. పాత బ్యాటరీ పారేయడానికి అయ్యే ఖర్చు దాని మీద అదనం.

"పారేయడానికి కూడా మనమే ఇవ్వాలా?" అన్నాడు మా ఆయన. మామూలు కారు బ్యాటరీ అయితే పాతదానికి ఎదురు డబ్బులిస్తారు.

"అదే అంకుల్. పోనీ ఎవరన్నా కొంటే కొంచెం హెల్ప్ అవుతుందని."

ప్రతి గురువారం మా దగ్గర పాత బ్యాటరీలు ఎత్తుకుపోయే పెద్దాయనకు ఈయన ఫోను చేసి, స్పీకర్లో పెట్టాడు. విషయం వినీ వినకముందే ఆయన వద్దన్నాడు. పోయిన ఏడు తన స్నేహితుడి యార్డులో అలాంటి బ్యాటరీ ఒకటి అంటుకుందట. ఆరిందనుకుంటే మళ్ళీ అంటుకుందట. ఫైరింజన్లు మూడు రోజులు నీళ్ళు కొట్టాయట. "ఎదురు డబ్బిచ్చినా నా లారీ ఎక్కించను రాజ్" అని పెట్టేశాడు.

జూడ్ మా కౌంటరు ముందున్న కుర్చీలో కూలబడ్డాడు. వాళ్ళమ్మ భుజం మీద చెయ్యి వేసి, "ప్రభువు చూసుకుంటాడు నాన్నా" అంది.

నేను కౌంటరు వెనక నుంచి బయటికొచ్చాను. "ఆ కాగితం ఇలా ఇవ్వు" అన్నాను.

సర్వీస్ సెంటరు వాళ్ళిచ్చిన రిపోర్టు రెండు పేజీలుంది. పోర్టు వేడెక్కుతోంది, అందువల్ల బండి తనంతట తానే ఛార్జింగ్ తగ్గించేస్తోంది అని రాశారు. బ్యాటరీకి పరీక్ష చేసినట్టు ఎక్కడా లేదు.

"బ్యాటరీని చూసి చెప్పారా, చూడకుండానే చెప్పారా?"

"చూడలేదు ఆంటీ. సేఫ్టీ కోసం రీప్లేస్ చేయడం బెటర్ అన్నారు."

"నాలుక మీద పొక్కొచ్చిందని తలకాయ మార్చమన్నారన్నమాట," అన్నాను. నా యంత్రం తీసుకుని కారు దగ్గరికి నడిచాను. మా ఆయన వద్దనలేదు, చేతులు కట్టుకుని వెనక వచ్చాడు. యంత్రం తగిలించి చూడడంలో ప్రమాదమేమీ లేదు, అది డాక్టరు నాడి చూడడంలాంటిది. బ్యాటరీ లోపలి గదులన్నీ ఒకే వోల్టేజీ చూపిస్తున్నాయి. కరెంటు ఎక్కడా బయటికి కారడం లేదు. ఆరోగ్యం తొంభై ఆరు శాతం. నా ఆరోగ్యం అంత లేదు.

తర్వాత ఛార్జింగ్ మూత తీసి టార్చి వేశాను. అంచుల చుట్టూ గోధుమరంగు జిగురు, దానికి అంటుకున్న దుమ్ము, ఒక దోమ కూడా. దూది పుల్లతో అంచున కాస్త తీసి వాసన చూశాను. మళ్ళీ చూశాను. ఆ వాసన నాకు కొత్త కాదు. మా ఇంట్లోనూ ఒక చిన్న సీసా ఉంది, బైబిలు పక్కన. నెలలో మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చే ఒలీవ నూనె.

దేవకుమారి గారి వైపు చూశాను. ఆమె భుజాన ఉన్న సంచి వైపు చూశాను. "ఆంటీ, లోపలికి రండి, టీ తాగుదురుగాని" అన్నాను.

టీ పోసి పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "కారుకి నూనె రాస్తున్నారా ఆంటీ?"

"రాయకుండా ఎట్టాగమ్మా. రోజూ ఆ హైవే మీద గంట పోతాడు, గంట వస్తాడు. అడ్డం దిడ్డం లారీలు. సాయంత్రం వాడు వచ్చి స్నానానికి పోగానే నేను వెళ్ళి, ప్రార్థన చేసి రాసొస్తాను."

"ఎక్కడ రాస్తారు?"

"మొదట్లో ముందు రేకెత్తి ఇంజన్‌కి రాద్దామనుకున్నాను. ఎత్తితే ఏముందమ్మా, ఖాళీ పెట్టె. వాడు అందులో గొడుగు పెట్టుకున్నాడు. ఇంజన్ లేని బండికి ప్రాణం ఎక్కడుంటుందా అని చాలా ఆలోచించాను. కరెంటు లోపలికి పోయే చోటే కదా ప్రాణం. అక్కడ రెండు చుక్కలు రాస్తున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వచ్చిన దగ్గర్నుంచీ. పోయిన సంవత్సరం జనవరి నుంచి."

రోజుకు రెండు చుక్కలు, పద్నాలుగు నెలలు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. అంతలో ఆమె మొహం చూశాను. ఆమెకు అర్థమైపోయింది. టీ కప్పు కింద పెట్టేసింది. "నా వల్లేనా అమ్మా? వాడి బండి నేనే పాడుచేశానా?"

"పాడవలేదు ఆంటీ. నూనె లోపలికి పోలేదు, పైపైనే గడ్డకట్టింది. తుడిస్తే పోతుంది. మీ కొడుకు కారుకి బ్యాటరీ మార్చక్కర్లేదు." అంటూ ఉండగానే నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు. అర టన్ను బరువున్న బ్యాటరీ, ఇంకా పదేళ్ళు పరిగెత్తాల్సింది, దాన్ని పెకలించి నుగ్గుచేసే చోటికి పంపేవాళ్ళు. రెండు చుక్కల నూనె కోసం. మామూలు గ్యారేజీవాడు ఎవడన్నా ముందు గుడ్డ తీసుకుని తుడిచి చూసేవాడు.

జూడ్‌కు చెప్పాం. వాడు ముందు తెల్లబోయాడు, తర్వాత కుర్చీలో ముందుకు వంగి నవ్వడం మొదలెట్టాడు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "మమ్మీ, నన్ను అడగొచ్చు కదా" అన్నాడు.

"అడిగితే వద్దంటావని," అంది ఆమె.

ఇంక తుడవడమే మిగిలింది. ఆ తుడవడం దగ్గరే మా ఆయన అడ్డం పడ్డాడు. నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"నువ్వు చూసింది చాలు. జబ్బేంటో చెప్పేశావు. ఆ తుడిచేది ఇంకెక్కడన్నా తుడిపించుకోమను."

"ఎక్కడ? మళ్ళీ ఆ సర్వీస్ సెంటర్‌కేనా? వాళ్ళు బ్యాటరీ మార్చందే ముట్టుకోరు."

"మనకెందుకు పర్సీ."

"మనకెందుకా? సంఘంలో పద్దెనిమిది ఇళ్ళలో ఇవే బండ్లు. మొదటిసారి ఒకటి మన గుమ్మంలోకి వచ్చింది. దీన్ని తిప్పి పంపితే రెండోది రాదు. ఇంకో రెండు వారాల్లో నెలాఖరు. ఓనరుకి తాళాలిచ్చేసి మీరు టైర్ల షాపులో చేరడమే. మీకు అదే కావాలా చెప్పండి."

 ఆయన తలుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "నాలుగొందల వోల్టులు," అన్నాడు. "నీకేమన్నా అయితే నేనేం చెయ్యాలి? ఇంజన్ అయితే నాకు తెలుసు. ఇది నాకు తెలీదు. నీ పక్కన నిలబడి చూస్తా ఉండటం తప్ప నేనేం చెయ్యగలను?"

నా కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"అందుకే మీరు కావాలి," అన్నాను. "ఈ పని ఒంటరిగా చేయకూడదని రూలు. వెనక ఒక మనిషి పొడుగాటి కొక్కెం పట్టుకుని నిలబడాలి. కరెంటు పాకని కొక్కెం. నాకు షాక్ కొడితే చేత్తో ముట్టుకోకుండా దాన్ని నా నడుముకేసి వెనక్కి లాగాలి. మీరు నిలబడితే చేస్తాను. నిలబడకపోతే చేయను, జూడ్‌ని పంపించేస్తాను."

"కొక్కెం ఎక్కడుంది?"

"స్టోరులో. డిసెంబర్‌లో కొన్నాను."

ఆయన నా వైపు అదోలా చూశాడు. మూడు నెలలుగా ఆ కొక్కెం తన గ్యారేజీలోనే ఉందని అప్పుడు తెలిసింది. వెళ్ళి తెచ్చాడు. జూడ్ కారు లోపలికి తెచ్చి పెట్టాడు.

మెడలో గొలుసు, వేలి ఉంగరం, గాజులు తీసి టీ కప్పులో వేసి దేవకుమారి గారికి ఇచ్చాను. గ్లవుజుల్లోకి గాలి పట్టి, చుట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఎక్కడన్నా బెజ్జముందేమో విన్నాను. బండి చిన్న బ్యాటరీ వైరు విప్పి, పెద్ద బ్యాటరీని విడదీసే ప్లగ్గు లాగాను. లాగాక పది నిమిషాలు ఆగాలి, లోపల మిగిలిన కరెంటు చల్లారాలి. ఈయన అప్పటికే నా వెనక రెండడుగుల దూరంలో కొక్కెం ఎత్తిపట్టి నిలబడ్డాడు.

"ఇంకా పది నిమిషాలుంది, కూర్చోండి," అన్నాను.

"పర్లేదు."

పది నిమిషాలయ్యాక మీటరు తీశాను. ముందు మీటరు సరిగ్గా పనిచేస్తోందో లేదో మామూలు బ్యాటరీ మీద చూశాను. తర్వాత బండి మీద చూశాను, సున్నా. మళ్ళీ మామూలు బ్యాటరీ మీద చూశాను. మా నాన్న బతికుంటే తల ఊపేవాడు. అప్పుడు మొదలెట్టాను. పోర్టు లోపల వేళ్ళంత లావు కడ్డీలు, ఒక్కోదాని చుట్టూ మైనంలా పట్టేసిన నూనె. జిడ్డు కరిగించే మందు కొట్టి, మెత్తని బ్రష్షుతో రుద్ది, దూదితో తీసి, మళ్ళీ మందు కొట్టి. దోమను కూడా తీశాను. నలభై నిమిషాలు పట్టింది. మోకాళ్ళు నొప్పెట్టి ఒకసారి పక్కకు జరిగితే వెనక కొక్కెం కూడా జరిగింది. పని చేస్తూ ఎప్పుడూ ఏదో కీర్తన పాడుకునే మనిషి, ఆ నలభై నిమిషాలూ గొంతు విప్పలేదు. ఒకసారి వెనక్కి చూశాను. మార్చి నెల చలిలో ఆయన నుదురు తడిగా ఉంది. కళ్ళు నా చేతుల మీద ఉన్నాయి, రెప్ప వేయడం లేదు.

అన్నీ తిరిగి బిగించి, జూడ్ కారులో ఉన్న ఛార్జింగ్ వైరు తెప్పించి, మా కంప్రెసరు ప్లగ్గుకు పెట్టాం. పోర్టు వేడి చూస్తూ అరగంట కూర్చున్నాం. వేడెక్కలేదు. ఛార్జింగ్ తగ్గలేదు. పదకొండు శాతం ఉన్నది కళ్ళముందే పన్నెండైంది, పదిహేనైంది, ఆగకుండా పోతూనే ఉంది. జూడ్ ఆ అంకెల్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

వెళ్ళేముందు దేవకుమారి గారు నా గొలుసూ గాజులూ తిరిగిచ్చి, చెవిలో అడిగింది. "మరి ఇంక నూనె ఎక్కడ రాయమంటావమ్మా?"

"వాడి తలకి రాయండి ఆంటీ. బండి నడిపేది వాడేగా."

ఆమెకు ఆ మాట నచ్చింది. అక్కడికక్కడే సంచిలోంచి సీసా తీసింది. జూడ్ మా ఇద్దరి ముందూ తల వంచుకుని రాయించుకున్నాడు. కారు పోయాక కూడా షాపులో ఆ వాసన కాసేపు ఉంది.

మేం అన్నానికి కూర్చునేసరికి రెండైంది. పెరుగన్నం, మాగాయ. నాకు ఆకలి దంచేస్తోంది, సంతోషంతో రెండింతలు తిన్నాను. ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు.

"నలభై నిమిషాలు," అన్నాడు. "నీ మోచెయ్యి కొంచెం కదిలితే నాకు ఇక్కడ ఆగిపోయేది." గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. ఎడమ చెయ్యి కాబట్టి సరిపోయింది.

"ఏం కాలేదుగా. తినండి."

"అది కాదు పర్సీ." పళ్ళెంలోకే చూస్తున్నాడు. "నేను లిఫ్టు కింద, జాకీ కింద పడుకుని పనిచేస్తుంటే, నువ్వు అక్కడ కౌంటర్లో కూర్చుని... ఇరవై రెండేళ్ళూ నీకు ఇట్టాగే ఉందా?"

 ఎక్కడో పానా కింద పడితే బిల్లు రాస్తున్న చెయ్యి ఆగడం, ఆయన దగ్గు వినబడ్డాక మళ్ళీ రాయడం, ఇవన్నీ ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"ఇట్టాగే అని ఎలా అంటారు?" అన్నాను. "మీ చేతిలో కొక్కెమన్నా ఉంది."

ఆయన పళ్ళెం పక్కకు జరిపి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకోకుండానే ఫోను తీసి ఓనరుకు కలిపాడు. ఇంకో ఐదేళ్ళకు రాయండి అన్నాడు. కాగితం మీద ఇన్నాళ్ళూ నా ఒక్కడి పేరే ఉంది, ఈసారి ఇద్దరి పేర్లూ వేయండి అన్నాడు. అవతల ఆయన నా పేరు ఎలా రాయాలో అడిగినట్టున్నాడు. మా ఆయన గోడ వైపు తిరిగి, ఒక్కొక్క అక్షరమే, నెమ్మదిగా, తప్పు పోకుండా చెప్పాడు.